ట్రెయిలర్ ప్రయాణాల్లో అదనపు ఇంధనం

బండి ట్యాంకులో పట్టే పెట్రోలో డీజిలో తర్వాతి బంకు దాకా సరిపోదనుకున్నప్పుడు డబ్బాల్లో గానీ, విడిగా బిగించుకున్న ట్యాంకుల్లో గానీ వెంట తీసుకెళ్లేదే అదనపు ఇంధనం. వెనకాల కారవాన్‌నో, పడవనో, సామాను బండినో తగిలించుకుని వందల కిలోమీటర్లు పోయేవాళ్లకు ఈ లెక్క తప్పదు. ఆస్ట్రేలియా లోపలి ఎడారి దారుల్లో, కెనడా, అలాస్కాల ఉత్తరపు రోడ్ల మీద ఇది మొదటినుంచీ ప్రయాణపు ఏర్పాట్లలో భాగం. ఊరూరికీ బంకు ఉన్న దేశాల్లో మాత్రం దీని అవసరం తక్కువ, భయం ఎక్కువ. డబ్బా కొనేముందు చేయవలసిన పని ఒకటుంది: తన బండి ట్రెయిలర్‌తో నిజంగా ఎంత తాగుతోందో నాలుగైదు ట్యాంకులు నింపి లెక్కరాసుకోవడం. ఆ లెక్క చేతిలో ఉన్నవాళ్లలో చాలామందికి డబ్బా అక్కర్లేదని తేలుతుంది. అవసరమని తేలినవాళ్లకు ఎన్ని లీటర్లో కూడా దానితోనే తెలిసిపోతుంది.

ట్రెయిలర్ తగిలిస్తే ఏమవుతుంది

మైలేజి పడిపోవడానికి బరువే కారణమని చాలామంది అనుకుంటారు. ఎక్కుడు దారిలో, బండి కదిలే క్షణంలో అది నిజమే. చదునైన హైవే మీద ఎక్కువగా తినేది గాలి. కారవాన్ అంటే చక్రాల మీద నిలబెట్టిన గోడ. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి గంటకు 110 కి.మీ. నుంచి 90కి దిగితే ఆ నిరోధం సుమారు మూడోవంతు తగ్గిపోతుంది. అదే 90లో పోతుండగా ఎదురుగాలి గంటకు 30 కి.మీ. వేగంతో వీస్తే బండికి తగిలే గాలి 120 కి.మీ. లెక్కన ఉంటుంది. నిరోధం ముప్పాతిక వంతు పైగా పెరుగుతుంది. ఆస్ట్రేలియా దక్షిణ తీరాన నల్లార్బర్ మైదానం దాటేవాళ్లు బయల్దేరే ముందు వాన కంటే గాలి ఎటు వీస్తోందో ముందు చూసుకునేది ఇందుకే.

ఒక ఉదాహరణ. హైలక్స్, రేంజర్ తరహా డీజిల్ పికప్పుకు 80 లీటర్ల ట్యాంకు ఉంటుంది. ఒంటరిగా పోతే 100 కి.మీ.కు 9 లీటర్లు తాగే బండి అనుకుంటే ఒక ట్యాంకు మీద దాదాపు 890 కి.మీ. పోతుంది. రెండున్నర టన్నుల కారవాన్ తగిలించాక 16 లీటర్లు తాగిందంటే 500కు పడిపోతుంది. ఎదురుగాలిలో 20 లీటర్లయితే 400. అడుగున ఉన్న పదోవంతును లెక్కలోకి తీసుకోకూడదు. అది తీసేస్తే చేతిలో మిగిలేది 360 కి.మీ. అంటే ట్రెయిలర్ లేనప్పుడు ఒక ట్యాంకుతో సునాయాసంగా దాటే దూరం, అది తగిలించాక రెండు ట్యాంకులకు గానీ దాటని దూరమైపోయింది. డాష్‌బోర్డు మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోగలమో చూపించే అంకెను కొంగొత్తగా ట్రెయిలర్ తగిలించిన పూట నమ్మకూడదు. అది మొన్నమొన్నటి దాకా నడిచిన తీరును బట్టి చెబుతుంది.

కాబట్టి మొట్టమొదటి అదనపు ఇంధనం వేగం తగ్గించుకోవడమే. దానికి బరువు లేదు, కారదు, అంటుకోదు.

నిజంగా కావలసిన దారులు

పేరు విని భయపడే దారికీ, నిజంగా బంకు లేని దారికీ తేడా తెలుసుకోవాలి. నార్స్‌మన్ నుంచి పోర్ట్ ఆగస్టా దాకా నల్లార్బర్ మీదుగా పోయే ఐర్ హైవే పొడవు 1,660 కి.మీ.కు పైనే. అందులో 146.6 కి.మీ. మేర ఒక్క వంపు కూడా లేని తిన్నని దారి ఉంది. చెట్టు కనబడని ఆ మైదానం చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అయినా ఆ దారిలో రోడ్‌హౌస్‌కూ రోడ్‌హౌస్‌కూ మధ్య దూరం దాదాపు 200 కి.మీ. లోపే. బంకు, భోజనం, పడక ఒకేచోట ఉండే ఈ రోడ్‌హౌస్‌లే అక్కడి ఊళ్లు. ప్రతిచోటా నింపుకుంటూ పోతే అక్కడ డబ్బా అక్కర్లేదు. ధర ఎక్కువని ఒక బంకు వదిలేసి తర్వాతిది చూద్దామనుకున్నవాళ్లే చిక్కుల్లో పడతారు.

లావర్టన్ నుంచి ఉలూరు వైపు పోయే గ్రేట్ సెంట్రల్ రోడ్డు సంగతి వేరు. 1,100 కి.మీ.కు పైబడిన ఈ దారిలో చాలాభాగం మట్టిబాటే. లావర్టన్ దాటాక మొదటి రోడ్‌హౌస్ జుకయిర్ల సుమారు 300 కి.మీ. దూరాన ఉంటుంది. పైన చెప్పిన 360 కి.మీ. లెక్కకు ఇది అందుతుంది గానీ, ఇసుకలో దిగబడి తక్కువ గేరులో ఒక గంట నడిస్తే, వాన పడి దారి మూసేస్తే, బంకులో సరుకు ఇంకా రాలేదని తెలిస్తే అందదు. ఇలాంటిచోట 40 లీటర్లు వెంట ఉంచుకోవడం పిరికితనం కాదు. ఆదివాసీల భూముల గుండా పోయే దారి కాబట్టి ముందుగా అనుమతి పత్రం కూడా తీసుకోవాలి.

మధ్య ఆస్ట్రేలియాలో పెట్రోలు బండ్లవాళ్లకు ఇంకో సంగతి తెలిసి ఉండాలి. అక్కడి ఆదివాసీ ఊళ్లలో పెట్రోలు వాసన పీల్చే వ్యసనం ఎందరో పిల్లల ప్రాణాలు తీసింది. దాన్ని అరికట్టడానికి 2005లో మత్తెక్కించే సుగంధ హైడ్రోకార్బన్లు బాగా తగ్గించిన ఓపల్ అనే పెట్రోలును తీసుకొచ్చారు. ఇప్పుడు ఆ ప్రాంతపు బంకుల్లో చాలాచోట్ల దొరికేది ఆ తరహా పెట్రోలే. ఇంజన్లకు దానివల్ల హాని లేదు. మామూలు పెట్రోలు డబ్బాలతో కొన్ని ఊళ్లలోకి వెళ్లడం మీద మాత్రం ఆంక్షలున్నాయి. వాటిని పాటించడం ప్రయాణికుడి కనీస ధర్మం. మనకు అది ఇంధనం, ఆ ఊరికి అది పిల్లల ప్రాణం.

హాల్స్ క్రీక్‌కూ విలునాకూ మధ్య 1,850 కి.మీ. పరుచుకున్న క్యానింగ్ స్టాక్ రూట్‌లో ఒకప్పుడు ప్రయాణికులు ముందే డబ్బు కట్టి, 200 లీటర్ల పీపాలను నడిదారిలో ఒక బావి దగ్గర దింపించుకునేవాళ్లు. ట్రెయిలర్‌తో ఆ దారికి రావద్దనే అది ఎరిగినవాళ్లు చెబుతారు. వందలాది ఇసుక దిబ్బలు ఎక్కిదిగే చోట, ట్రెయిలర్‌లో మోసిన ఇంధనమంతా ట్రెయిలర్ లాగడానికే ఖర్చవుతుంది.

ఉత్తర అమెరికాలో ఇలాంటి దారులకు అలాస్కాలోని డాల్టన్ హైవే పెట్టింది పేరు. చమురు గొట్టపు మార్గం కోసం 1974లో వేసిన ఈ దారి పొడవు 666 కి.మీ. కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ దాకా 386 కి.మీ. మేర ఏమీ ఉండదు. కెనడాలోని డెంప్‌స్టర్ హైవే మొదట్లోనే ఈగిల్ ప్లెయిన్స్ దాకా 369 కి.మీ. బంకు లేదు. వీటితో పోలిస్తే అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల్లో బంకు లేని అతిపెద్ద దూరం యూటాలో, ఐ-70 మీద గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా 170 కి.మీ. పైచిలుకు మాత్రమే. డాలస్ నుంచో, శాన్ హోసే నుంచో సెలవుల్లో ట్రెయిలర్ అద్దెకు తీసుకుని జాతీయ ఉద్యానవనాలు చూడబోయే మన తెలుగు కుటుంబాలకు సగం ట్యాంకు దగ్గరే ఆగి నింపుకునే అలవాటు చాలు, డబ్బా వద్దు.

డబ్బా కథ

దూర ప్రయాణానికి ఇంధనం దారిలో వెతుక్కోవడం కారు పుట్టినప్పుడే మొదలైంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జ్‌హైమ్‌కు బయల్దేరినప్పుడు ఆ బండిలో నాలుగున్నర లీటర్లే పట్టేది. వీస్‌లోక్ ఊళ్లో మందుల దుకాణంలో లిగ్రాయిన్ అనే ద్రావకం కొని పోసుకుంది. ఆ మందుల దుకాణాన్నే లోకంలోని మొదటి పెట్రోలు బంకుగా చెప్పుకుంటారు.

తర్వాతి దశాబ్దాల్లో పెట్రోలు నాలుగు గాలన్ల పలుచని రేకు డబ్బాల్లో, చెక్కపెట్టెకు రెండు చొప్పున ఊరూరికీ చేరింది. మన ఇళ్లలో కిరసనాయిలు వచ్చిన 18 లీటర్ల నలుచదరపు డబ్బా దాని తోబుట్టువే. పైకప్పు కోసేసి, కర్రముక్క అడ్డంగా కొట్టి, నూతినీళ్లు మోసిన డబ్బా అదే. నీళ్లకు చక్కగా పనికొచ్చింది గానీ పెట్రోలుకు అది కుదరలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం ఈ డబ్బాలతోనే ఇంధనం మోసింది. గతుకుల్లో అతుకులు విచ్చి, దారి పొడుగునా కారిపోయేవి. శత్రువుల దగ్గర చిక్కిన జర్మన్ డబ్బాలను వాళ్లు అపురూపంగా దాచుకున్నారు. జర్మన్లను వాళ్లు పిలిచే మారుపేరు జెర్రీ. అందుకే అది జెర్రికేన్ అయింది.

ఆ డబ్బాను 1937లో ష్వెల్మ్ పట్టణంలోని మ్యుల్లర్ సంస్థ రూపొందించింది. ప్రధాన ఇంజనీరు వింజెంజ్ గ్రూన్‌ఫోగెల్. ఒకసారి దగ్గరగా చూస్తే ఆ మనిషి ఎంత ఆలోచించాడో తెలుస్తుంది. రెండు రేకు దోనెలను ఎదురెదురుగా పెట్టి అతికారు. అతుకు లోపలికి నొక్కుకుని ఉంటుంది కాబట్టి దెబ్బ నేరుగా దానికి తగలదు. రెండు ప్రక్కలా అచ్చొత్తిన గాడులు అందానికి కావు. ఎండకు లోపలి ద్రవం ఉబ్బినప్పుడు రేకు ఆ గాడుల దగ్గర సాగి మళ్లీ సర్దుకుంటుంది. పైన ఒకటి కాదు, మూడు పిడులు. నడిమి పిడి పట్టుకుంటే ఒక మనిషి మోయవచ్చు. చివరి పిడులు పట్టుకుంటే ఇద్దరు చెరో పక్క మోయవచ్చు, వరసలో నిలబడి చేతుల మీదుగా అందించుకోవచ్చు. ఖాళీ డబ్బాలు రెండింటిని చివరి పిడులు కలిపి ఒకే చేత్తో పట్టుకోవచ్చు. పిడుల కిందుగా ఉన్న ఉబ్బులో గాలి నిలుస్తుంది, దాంతో నిండు డబ్బా కూడా నీళ్లలో తేలుతుంది. మూతకు మర లేదు. మీట నొక్కితే బిగుస్తుంది, ఎత్తితే తెరుచుకుంటుంది, పానా అక్కర్లేదు. ఒంపేటప్పుడు గుటగుటమని చిందకుండా గాలి లోపలికి పోయే చిన్న గొట్టం మూతి దగ్గరే ఉంది. 20 లీటర్లు పట్టే ఈ డబ్బా ఎనభై ఏళ్లు దాటినా దాదాపు అదే రూపంలో తయారవుతోంది. నా దృష్టిలో గత శతాబ్దపు గొప్ప వస్తువుల్లో ఇదొకటి.

దీని కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. 1939లో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు జర్మన్ సహచరుడితో కలిసి బెర్లిన్ నుంచి కారులో భారతదేశానికి బయల్దేరాడు. దారిలో నీళ్లు మోయడానికి పాత్ర లేదని గుర్తొచ్చి, ఆ జర్మన్ టెంపెల్‌హోఫ్ విమానాశ్రయపు గిడ్డంగి నుంచి ఈ డబ్బాలు మూడు తెచ్చాడు. కారు, డబ్బాలు చివరికి కలకత్తా చేరాయి. ప్లైస్ అమెరికా వెళ్లి తన సైన్యానికి ఈ డబ్బా గొప్పతనం చెప్పినా మొదట ఎవరూ పట్టించుకోలేదు. 1944 నాటికి ఫ్రాన్సులో అమెరికన్ సేనల వేగానికి ఈ డబ్బాలే కారణమని అధ్యక్షుడు రూజ్వెల్ట్ స్వయంగా మెచ్చుకున్నాడు.

ఎక్కడ కట్టాలి

ట్రెయిలర్ ఉన్నవాడికి అసలు చిక్కు ఇక్కడే. 20 లీటర్ల డీజిలు దాదాపు 17 కిలోలు, రేకు డబ్బాతో కలిపి 21. రెండు డబ్బాలంటే 42 కిలోలు. ఆ బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం.

చాలామంది కారవాన్ వెనక బంపరు మీద బిగిస్తారు, చూడటానికి వీలుగా ఉంటుందని. ఇరుసు నుంచి కొక్కెం 5 మీటర్లు ముందు, బంపరు 3 మీటర్లు వెనక ఉందనుకుంటే, ఆ 42 కిలోలు కొక్కెం మీద పడే బరువును దాదాపు 25 కిలోలు తగ్గిస్తాయి. కొక్కెం మీద ట్రెయిలర్ బరువులో పదోవంతు దాకా ఉండాలన్నది ఆస్ట్రేలియా, అమెరికాల్లో పాటించే లెక్క. అది తగ్గేకొద్దీ ట్రెయిలర్ పాములా ఊగడం మొదలెడుతుంది. తోకన కట్టిన బరువు, ఊగడం మొదలయ్యాక ఆగనివ్వదు కూడా. పైగా వెనకనుంచి ఇంకో బండి గుద్దితే మొదట తగిలేది ఆ డబ్బాలే. వెనక బంపరు మీద పెట్రోలు కట్టడాన్ని నేను ఏ దారికీ సిఫారసు చేయను.

ముందున్న కొక్కెపు చట్రం మీద పెడితే ఊగే భయం తగ్గుతుంది, కొక్కెం మీద బరువు పెరుగుతుంది. లాగే బండి వెనక ఇరుసు మీద భారం ఎక్కువవుతుంది. అక్కడే వంటగ్యాసు సిలిండర్లు కూడా ఉంటాయి. చక్రాలు ఎగజిమ్మే రాళ్లూ అక్కడే తగులుతాయి. కారు పైకప్పు మీద పెడితే బండి పైబరువై తూలుతుంది, 20 కిలోల డబ్బాను అంత ఎత్తునుంచి దించడం నడుముకు శిక్ష. కారు లోపల, కారవాన్ లోపల అయితే మాట్లాడుకోవలసిన పనే లేదు, పెట్టకూడదు. కారవాన్‌లో గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌కు లోపల ఒక చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండవచ్చు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకుతూ మంట ఉన్నచోటికి తనే వెళుతుంది. బంకులో ఆగేముందు ఆ ఫ్రిజ్ మంట ఆర్పడం మరిచిపోకూడని పని.

అన్నిటికంటే మేలైన చోటు లాగే బండి ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా. పికప్పు తొట్టిలో ముందుభాగం, లేదా బండి అడుగున బిగించే పెద్ద ట్యాంకు. ఏటా ఎడారి దారులు పట్టేవాళ్లకు ఈ పెద్ద ట్యాంకే సరైనది. టొయోటా ట్రూప్ క్యారియర్‌కు ఏళ్ల తరబడి 90 లీటర్ల ట్యాంకులు రెండేసి వచ్చేవి, ఆస్ట్రేలియా పల్లెల్లో దానికి అంత ఆదరణ ఉండటానికి అదొక కారణం. ఏ పద్ధతైనా ఇంధనం బరువును బండి మోయగల మొత్తం బరువులోంచి తీసేయాల్సిందే.

మట్టిబాట కుదుపుల్లో డబ్బా చట్రానికి రాసుకుని రాసుకుని వందల కిలోమీటర్ల తర్వాత చిల్లి పడుతుంది. కింద, పక్కల పాత టైరు ట్యూబు ముక్కలు పెట్టి, పట్టీ కదలకుండా బిగించి, ప్రతి మజిలీలో ఒకసారి చేయి పెట్టి చూడాలి.

నింపడం, ఒంపడం

పెట్రోలు ప్రతి పది డిగ్రీల వేడికీ దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర నింపిన 20 లీటర్లు మధ్యాహ్నం ఎండలో 50 డిగ్రీలకు చేరితే అర లీటరు పైచిలుకు పెరుగుతుంది. అందుకే మూతిదాకా నింపకూడదు. సున్నాకు 40 డిగ్రీల కింద కూడా పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. డీజిలు ఆవిరి అంటుకోవడానికి దాన్ని బాగా వేడెక్కించాలి. రెండిటినీ ఒకే జాగ్రత్తతో చూడటం మంచి అలవాటే గానీ, రెండూ ఒకటి కావు. ఎంచుకునే వీలుంటే దూరపు దారికి డీజిలు బండే నయం.

డబ్బాను పికప్పు తొట్టిలో ఉంచి నింపడం కొన్ని ప్రాణాంతక మంటలకు కారణమైంది. తొట్టిలో పరిచిన ప్లాస్టిక్ వల్ల, ప్రవహించే పెట్రోలుతో పుట్టిన స్థిరవిద్యుత్తు నేలలోకి దిగే దారి ఉండదు. ఒక్క నిప్పురవ్వ చాలు. డబ్బాను దించి నేలమీద పెట్టాలి, పంపు ముక్కు డబ్బా మూతికి ఆనించి ఉంచాలి, నెమ్మదిగా నింపాలి.

అమెరికాలో పెట్రోలుకు ఎర్ర డబ్బా, డీజిలుకు పసుపు, కిరసనాయిలుకు నీలం. 2009 నుంచి అక్కడ అమ్మే డబ్బాలకు ఆవిరి బయటికి పోని మూతులు తప్పనిసరి. 2020 నాటి చట్టం వల్ల మంట లోపలికి పాకకుండా ఆపే జాలి కూడా వచ్చి చేరింది. ఐరోపాలో సొంత అవసరానికి ఒక్కో పాత్రలో 60 లీటర్లు, బండి మొత్తానికి 240 లీటర్లు మించకూడదన్నది రోడ్డు రవాణా ఒప్పందపు హద్దు. చాలా ఓడలు నిండు డబ్బాలను ఎక్కించుకోవు. టికెట్టు కొనేనాడే అడిగి తెలుసుకోవాలి.

దారిలో ఒంపేటప్పుడు ఇంజను ఆపి, కాస్త చల్లారనిచ్చి, గాలికి వీపు పెట్టి నిలబడాలి. మూతి చుట్టూ పేరుకున్న ఎర్రదుమ్మును తడిగుడ్డతో తుడిచాకే మూత తీయాలి. నేటి డీజిలు ఇంజన్ల ఇంజెక్టర్లు పాడవడానికి చిటికెడు మట్టి, చెంచాడు నీళ్లు చాలు. జాలి ఉన్న గరాటు అందుకే. మూతలేని ట్యాంకు నోళ్లు వచ్చిన కొత్త బండ్లలో మామూలు గరాటు లోపలికి దిగదు, బండితో ఇచ్చిన ప్రత్యేక గరాటు ఎక్కడుందో ఇంట్లోనే వెతికి పెట్టుకోవాలి. ట్యాంకులో చోటు దొరకగానే డబ్బాలోది అందులో పోసేయడం మేలు. అదే డబ్బాను చివరిదాకా దాచుకుంటే బరువును ఊరికే మోసినట్టు. పొగను శుభ్రపరిచే యాడ్‌బ్లూ అనే ద్రవం వాడే డీజిలు బండ్లకు అది అయిపోతే, ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ లేవదు. ట్రెయిలర్ లాగేటప్పుడు దాని వాడకమూ పెరుగుతుంది. పది లీటర్ల డబ్బా ఒకటి ఉండాలి, అది డీజిలు ట్యాంకులో పడకూడదు.

భారతదేశంలో

మన దగ్గర కారవాన్ లాగే ప్రయాణాలు అరుదు. తెలుగునాట ట్రెయిలరంటే ట్రాక్టరు వెనక ట్రక్కే. కోతల కాలంలో పొలం గట్టున ఆగిన యంత్రానికి ప్లాస్టిక్ క్యానుల్లో డీజిలు మోసే రైతుకు ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. అదనపు పెట్రోలు అవసరం అసలైన రూపంలో కనబడేది లదాఖ్ దారిలో. మనాలీ నుంచి పోతే తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కి.మీ. దూరాన అని రాసిన బోర్డు ఏళ్ల తరబడి ప్రయాణికులకు ఆనవాలు. హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లే బుల్లెట్ బండ్లకు అటూ ఇటూ వేలాడే డబ్బాలు ఆ బోర్డు పుణ్యమే. 4,890 మీటర్ల ఎత్తున్న బారాలాచా కనుమ చేరేసరికి బయటి గాలి ఒత్తిడి సగానికి దగ్గరపడుతుంది. లోయలో బిగించిన ప్లాస్టిక్ డబ్బా పూరీలా ఉబ్బుతుంది. అక్కడ మూత ఒక్కసారిగా తిప్పితే పెట్రోలు ముఖం మీదికి చిమ్ముతుంది. పావు మర తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు మిగతా మర తీయాలి.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. లోహపు పాత్ర 25 లీటర్లకు, గాజు పాత్ర ఒక లీటరుకు మించకూడదు. సీసాల్లో పెట్రోలు పోయబడదన్న బోర్డు మన బంకుల్లో తరచూ కనిపిస్తుంది. అది ఉత్త అభ్యంతరం కాదు, పలుచని నీళ్ల సీసా పెట్రోలుకు పాత్ర కానే కాదు.

ప్రయాణం ముగిశాక డబ్బాలో మిగిలినదాన్ని బండి ట్యాంకులోనే పోసి వాడేసుకోవాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవ ఉంచితే పాడవుతుంది. ఖాళీ అయిన డబ్బా నిండు డబ్బాకంటే ప్రమాదకరం, ఎందుకంటే దాన్నిండా గాలితో కలిసిన ఆవిరి ఉంటుంది. దాన్ని ఇంటికీ మంటకూ దూరంగా, నీడలో, మూత తీసి బాగా ఆరనిచ్చి, తర్వాత మూత లోపలి రబ్బరు వాషరు చిట్లిందేమో గోటితో తడిమి చూసి, మూత బిగించి పెట్టుకోవాలి.